నాలుగో ముద్ద

మా చిన్నప్పుడు మారెమ్మ పండగ వస్తే మా జేజి, అంటే నాయనమ్మ, మొదటి ముద్ద ఇంట్లోవాళ్ళకు పెట్టేది కాదు... ప్లేగు ఏడాది పిల్లలకు పెట్టేది.

పిల్లలంటే పిల్లలు కాదు... అప్పటికే నలుగురికీ నెత్తి నెరిసింది. ఎమ్మిగనూరు పక్కన మా ఊరు. ప్లేగు వచ్చి, ఊరు ఖాళీ చేసి, జనమంతా చేలల్లో గుడిసెలు వేసుకున్నారట. ఆ గుడిసెల్లో పుట్టారు ఆ నలుగురు. ఒకరు మా నాయన. మిగిలిన ముగ్గురిలో ఇద్దరి తల్లులు ఆ జబ్బుకే పోయారు, ఒకరి తల్లికి పాలు పడలేదు. మా జేజి నలుగురికీ పాలిచ్చి బతికించింది...

పెద్దయినాక నలుగురూ పేరున్న మనుషులయ్యారు. హనుమంతప్ప పహిల్వాను... చుట్టుపక్కల జాతర్లలో ఆయన వీపుకు మట్టి అంటించినవాడు లేడు. బసప్ప బయలాటలో రావణుడి వేషం కట్టేవాడు. ఆయన ఆడుతూ అరిస్తే మేము అమ్మ కొంగు కింద దూరేవాళ్ళం. ఈరమ్మ మంత్రసాని. నన్ను కూడా మొదట పట్టుకున్నవి ఆమె చేతులే. ఇక మా నాయన... ఎద్దుల పళ్ళు చూసి, డెక్కలు చూసి, ఆయన తల ఊపితేనే సంతలో బేరం తెగేది.

అలాంటి మనుషులు పండగనాడు మా నడవలో వరసగా కూర్చుని, జేజి ముందు నోళ్ళు తెరిచేవాళ్ళు. సంగటిలో బెల్లం, నెయ్యి వేసి పిసికి ఒక్కొక్కరికీ ఒక ముద్ద పెట్టేది.

"ఏమ్రా హనుమా, అందర్నీ ఎత్తి పడేస్తాండావంట. నా కాడ మాత్రం గువ్వపిల్ల మాదిరి నోరు తెరుస్తాండావే!"

"నీ ముద్ద లేకుంటే నాకు బలం యాడిది అవ్వా?" అనేవాడు హనుమంతప్ప. మా వైపు కన్నడం కూడా నడుస్తుంది, అందులో అవ్వ అంటే అమ్మే కదా...

"వానికి పెద్ద ముద్ద పెట్టినావు, నాకు చిన్నది," అని రావణుడు అలిగేవాడు. మేము పడీ పడీ నవ్వేవాళ్ళం.

నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు... కళ్ళంలో వడ్లు తూర్పార పడుతూ మా నాయన కూలిపోయాడు. ఇంటికి తెచ్చేసరికే ఊపిరి లేదు. నా బడి కూడా ఆ ఏడాదితో సరి.

మా వైపు ఒక కట్టు ఉండేది. ఒకే ఏడాది పుట్టినవాళ్ళలో ఒకరు పోతే, మిగిలినవాళ్ళు ఆ మాట వినకూడదు. వింటే చెవులు మూసుకుని ఊరు దాటి పోవాలి. శవాన్ని అసలు చూడకూడదు... చూస్తే పోయినవాడు జతకు పిలుస్తాడని భయం. అందుకని ఆ ముగ్గురినీ వెంటనే కాలవ అవతలికి పంపించేశారు.

పాడె కట్టడం అయిపోయింది. మా జేజి మాత్రం నాయన తల దగ్గర నుంచి లేవలేదు.

"వీని జతోళ్ళు రానీ. ఆమీదట ఎత్తుదురు," అంది.

మా పెదనాయన బతిమాలాడు. "అమ్మా, ఈడోళ్ళు చూడగూడదమ్మా. ఇంగా మూడు కొంపలు ముంచుతావా?"

"ఈడు అనేది ఊరోళ్ళు పెట్టిన మాటప్పా. వాళ్ళు తాగింది నా పాలు. అన్న పోతే తమ్ములు దాంకుంటారా యాడన్నా?"

పొద్దు వాలుతోంది. వచ్చిన జనం గుసగుసలాడుతున్నారు... ముసలామెకు మతి పోయిందని.

అప్పుడు వీధి చివర ఈరమ్మ గొంతు వినపడింది. "ఏం మొగోళ్ళప్పా మీరు! గట్టు మీద కూచోని ఏడ్చేది ఈడికొచ్చి ఏడ్చండి!" వెనకాల హనుమంతప్ప, బసప్ప... తుండుగుడ్డలు తలకూ చెవులకూ బిగించి కట్టుకునే వచ్చారు పాపం, అంత భయం. మా నాయనను చూడగానే హనుమంతప్ప ఆ గుడ్డ ఊడబీకి పారేశాడు. ఊరంతా వినపడేలా అరిచే బసప్ప నోరు ఆ పొద్దు ఊరికే తెరుచుకుని ఉండిపోయింది.

ముందు పాడె పట్టింది వాళ్ళిద్దరే.

మట్టి చేసి వచ్చినాక మా పొయ్యి వెలిగించలేదు. ఈరమ్మ తన ఇంటి నుంచి సంగటి తెచ్చింది. పచ్చి నీళ్ళు కూడా ముట్టని జేజి ముందు ముగ్గురూ పండగనాడు కూర్చున్నట్టే కూర్చున్నారు.

"అవ్వా... ఆకలి అయితాండాది," అన్నాడు హనుమంతప్ప.

జేజి చెయ్యి కడుక్కుంది. ఒక ముద్ద... రెండో ముద్ద... మూడోది. అలవాటుగా నాలుగోది కూడా చేసింది. చేతిలో పట్టుకుని వాకిలి వైపు చూస్తూ ఉండిపోయింది.

ఈరమ్మ ఆ చెయ్యి పట్టుకుని జేజి నోటికే అందించింది. "వాడు కడుపులో ఉన్నెప్పుడు తినింది నీ నోటితోనే కదా అవ్వా... తిను."

జేజి తినింది. అప్పుడు ఏడ్చింది.

స్తంభం పక్కన నిలబడి చూసిన నాకు అప్పుడేమీ అర్థం కాలేదు...

పోయిన వానల్లో నా కొడుకు పోయాడు. దోణిమలై గనుల్లో లారీలు తిప్పేవాడు. ఇంచుమించు మా నాయన పోయిన వయసే. వాడి జతవాళ్ళు చాలామందే వచ్చారు. ఇప్పుడు ఆ కట్లు లేవు, చెవులు ఎవరూ మూసుకోరు... మంచిదే. దండ వేశారు, ఫోన్లో వాడి ఫోటో కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. మంచి పిల్లలు, పనులున్నవాళ్ళు. నేను వాళ్ళకు పాలివ్వలేదు, అడగడానికి నాకేం హక్కుంది...

అన్నం కలిపినప్పుడల్లా ఈరమ్మ మాట గుర్తొస్తుంది. వాడి ముద్ద నేనే తింటున్నాను. దానికి ముందు పెట్టాల్సిన మూడు ముద్దలకే నోళ్ళు లేవు...

మీ ఊళ్ళలో ఒకే ఏడాది పుట్టినవాళ్ళ కథలుంటే రాయండి, చదువుకుంటాను. మీ జతవాడు ఎవరైనా పోయి, వాళ్ళమ్మ ఇంకా ఉంటే మాత్రం... ఏమీ పట్టుకుపోవద్దు. ఒక్కసారి వాకిట్లోకి పోయి "ఆకలిగా ఉందమ్మా" అనండి.