పడవ పుస్తకంలో ఆయన పేరు

మండవల్లి దాటాక, కొల్లేటి లంకలు చూడ్డానికి పడవెక్కేవాళ్లంతా పుస్తకంలో పేరు రాయాలన్నారు. ఆడవాళ్లయితే భర్త పేరు కూడా. నాకు రాయడం రాదు. పక్కనున్న గాజులమ్మే సాయిబులావిడ కలం అందుకుంది.

"మీ ఆయన పేరేంటండీ?"

"మొగుడి పేరు నోటితో చెప్పకూడదు కదండీ. ఏడుకొండలవాడి పేరే."

"ఆయనకి వెయ్యి పేర్లండీ! ఏది రాయను?"

పడవంతా నవ్వింది.

"మీ ఆయన వింటే తిడతారా?" అంది ఆవిడ.

"పోయి ఏడాదైందండీ."

ఆవిడ కలం దించింది. "మరి ఆ పేరు ఇంకెవరు తలుస్తారమ్మా?" అంది మెల్లగా.

"వెంకటరత్నం!"

ఆ గొంతు నాదేనా అని అదిరిపడ్డాను. నలభై ఏళ్ల కాపురంలో ఒక్కసారైనా ఆయన్ని పేరుపెట్టి పిలవలేదు. పలుకుతారేమోనని రేవువైపు తిరిగి చూశాను కూడా.