అట్టమీద నురగ

రెండేళ్ల క్రితం అబుదాబిలో ఒకరోజు జ్వరమని సెలవు పెట్టి, కెమెరాతో బనియాస్ వీధుల్లో తిరిగాను. ఒక సెలూన్‌లో ముఖమంతా గడ్డం నురగతో, కళ్లు మూసుకుని కూర్చున్న ఒకాయన్ని అద్దాల తలుపు బయటినుంచి ఫొటో తీసి తెలుగు వారపత్రికకు పంపాను. వాళ్లు దాన్నే ముఖచిత్రంగా వేశారు.

ఊరినుంచి తెప్పించుకున్న ఆ సంచికను గర్వంగా తీసుకెళ్లి నెల్లూరాయనైన మా మేనేజరుగారి చేతిలో పెట్టాను. ఆయన చాలాసేపు చూశారు.

"ఈ నురగలో ఉండేది నేనేనయ్యా. ఆ సెలూనుకు ఒక్కసారే పొయ్యా, నీకు జొరమొచ్చిన రోజు" అన్నారు.

ఉద్యోగం ఖలాస్ అనుకున్నాను. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆ రోజు మీరు హెడ్డాఫీసులో మీటింగన్నారు కద సార్."

ఆయన పత్రికను సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు.

ఇప్పుడు ఎవరిని ఫొటో తీయాలన్నా ముందు అనుమతి అడుగుతున్నాను. నా జ్వరాలకు డాక్టరు చీటీ అడగడం మాత్రం ఆయన మానేశారు.