ఫెర్రీ దిగింది నేనే, బండితో సహా

అమ్మమ్మని చూడటానికి ఈ రోజు మావయ్య, నేను పోర్ట్ బ్లెయిర్ నుంచి రంగత్‌కి బైక్ మీద వచ్చాం. నాకు లైసెన్స్ వచ్చిందని ఇంట్లో మావయ్య ఒక్కడికే తెలుసు.

దారిలో మొసళ్ళుండే సముద్రపు పాయ మిడిల్ స్ట్రెయిట్‌లో బళ్ళు దాటించే ఫెర్రీ నుంచి బైకులే ముందు దిగాలి. సరిగ్గా అక్కడే మావయ్య తాళం నా చేతిలో పెట్టాడు. ముందు తడి ర్యాంప్, వెనక బస్సు.

“మావయ్యా, నీళ్ళలో పడిపోతా!”

“ఒలే, నిన్ను చూస్తే మొసలే పారిపోద్ది. పోనీ!”

“జల్దీ, దీదీ!” అని ఫెర్రీ భయ్యా అరిచాడు.

ఆగకుండా ఒడ్డెక్కించేశాను! అక్కడి నుంచి రంగత్‌లో అమ్మమ్మ వీధి మలుపు దాకా నేనే నడిపాను.

“వెనకాల కూర్చుని కూర్చుని నడుం పట్టేసుంటాది పిల్లకి” అంటూ అమ్మమ్మ ఇంకో చేప ముక్క వేసింది. ఆ ముక్క కూడా తినేశాను.

ఈ పోస్ట్ అమ్మకి కనిపించదు. కంగ్రాట్స్ కింద పెట్టండి. ఇంట్లో చెప్పారో, మీ రహస్యాలూ నా దగ్గరున్నాయి!