చెరువులో చూసి తెచ్చిన బల్ల

మా ఇంట్లో ఏది కొన్నా ముందు అది కదలకుండా ఉందా లేదా అని చూస్తాం. నెల్లిమర్ల దగ్గర వరి పండించుకొనే కుటుంబం మాది. మా నాన్న సంతలో ఎద్దును బేరం చేసేటప్పుడు పళ్ళు తర్వాత చూసేవాడు. ముందు నన్నెత్తి దాని వీపు మీద కూర్చోబెట్టేవాడు. అది అదిరిపడిందా, బేరం అక్కడితో సరి. నన్ను మోస్తూ నిమ్మళంగా నెమరు వేసుకుంటూ నిలబడిందా, పలుపు మా చేతికొచ్చేది. మంచం కొన్నా, మెట్ల నిచ్చెన కొన్నా, నా మొదటి స్కూటర్ కొన్నా ఇదే పరీక్ష. పెళ్ళి ఒక్కటే ఆ పద్ధతిలో చేసుకోలేదు. నేను చేసుకున్న మనిషి ఒక్కచోట కాలు నిలిపే రకం కాదు.

మా ఆవిడది కళింగపట్నం. వేటకు పోయే కుటుంబం. విజయనగరంలో ఒక స్కూల్లో ఆటల టీచరు. నేను అదే ఊళ్ళో ఒక ఆఫీసులో గుమస్తాను. ఇద్దరం రోజూ మా ఊరి నుంచే వెళ్ళొస్తాం. నాకు ఈత రాదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగలేదు. దిగనని మా అత్తగారి ఊళ్ళో అందరికీ తెలుసు, ఆ విషయం మీద వాళ్ళు నవ్వని పండగ లేదు.

మా మావ ఒకప్పుడు తెప్ప మీద వేటకెళ్ళేవాడు. మోటారు పడవలు రాకముందు మాట. నైరుతి గాలి పట్టిన రోజుల్లో దక్షిణాన మొగదలపాడు దాకా పోయి, తెరచాప ఎత్తి, వెనక నుంచి గాలి తోస్తుంటే కెరటం మీంచి కెరటం మీదికి జారుకుంటూ ఇంటికొచ్చేవాడట. ఇసకలో కూర్చొని అయ్య నిలబడి వస్తున్నది చూడడమే మా ఆవిడ చిన్నతనం. తెప్ప మీద ఆడపిల్ల కాలు పెట్టకూడదని వాళ్ళ కట్టుబాటు. చేప ఒడ్డుకు పడ్డాక ఆడవాళ్ళ చేతికి వస్తుంది, అంతవరకు వాళ్ళకు సముద్రంతో పని లేదు. ఎన్నిసార్లు ఏడ్చిందో, ఒక్కసారీ ఎక్కించలేదు.

మూడేళ్ళ కిందట వేసవి సెలవుల్లో విశాఖ వెళ్ళి, నిలబడి తెడ్డు వేసే బల్ల మీద ఆట నేర్చుకొచ్చింది. పాడిల్ బోర్డు అంటారు దాన్ని. నేర్చుకున్న దగ్గర్నుంచి ఒకటే పాట. మొగదలపాడు దగ్గర సముద్రంలో దిగాలి, గాలిని వెనకేసుకొని, అయ్య వచ్చిన దారినే కళింగపట్నం రావాలి, అయ్య ఒడ్డున కూర్చొని చూడాలి.

"తెప్ప ఎక్కకూడదు గాని, ఇది తెప్ప కాదు కదయ్యా" అని మరుసటి ఏడు సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాళ్ళ నాన్నను అడిగేసింది. ముసలాయన చాలాసేపు గెడ్డం గోక్కున్నాడు. తర్వాత పగలబడి నవ్వాడు.

"బల్లకి ఏ కట్టుబాటూ నేదే అమ్మీ. రా. గాని బేగి రా. ఈ గాలికి వస్తే సూస్తాను. వచ్చే ఏడు గాలికి నువ్వొచ్చినా నాకు అలికిడే."

ఆయన కళ్ళకు నీటికాసులు. పోయిన చూపు మళ్ళీ రాదనీ, ఉన్నది ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమనీ శ్రీకాకుళంలో డాక్టరు చెప్పేశారు. అప్పటికే పక్కనుంచి వచ్చే మనిషిని గుర్తుపట్టడం లేదు. ఎదురుగా ఉన్నది మాత్రం మసగ్గా కనిపించేది. అందుకే ఆ ఏడాదే రావాలి. ఇక వచ్చే ఏడాది అనే మాట లేదు.

బల్ల కావాలి. విశాఖలో ఆమెకు నేర్పినాయన పాతవి రెండు అమ్ముతున్నాననీ, పనిమీద శ్రీకాకుళం పోతూ దారిలో చూపిస్తాననీ ఫోన్ చేశాడు. తీరా ఆయన వచ్చే రోజున మా ఆవిడకు పరీక్షల డ్యూటీ పడింది.

"మీరెళ్ళి తెండి. పొడుగుది తెండి. పొడుగుదే. మరి దేన్నీ ముట్టుకోవద్దు" అంది. మూడుసార్లు చెప్పింది. చీటీ కూడా రాసి జేబులో పెట్టింది, ఉప్పూ పప్పూ తెమ్మన్నట్టు.

ఆయన జీపు మీద రెండు బల్లలూ కట్టుకొని మా ఊరే వచ్చాడు. ఒకటి పద్నాలుగు అడుగులు, సన్నం, ముక్కు పైకి లేచి ఉంది. రెండోది పదకొండు అడుగులు, వెడల్పు, బల్లపరుపు, అచ్చం మా వీధరుగు. నేను నీళ్ళలో వేసి చూస్తానన్నాను. ఊళ్ళో నీళ్ళంటే పొలాలకు పారే చెరువే కదా, అక్కడికే తీసుకెళ్ళాను. మా నాన్న పంచె ఎగ్గట్టుకొని వెంట వచ్చాడు.

"సార్, ఇవి చెరువులో చూసి కొనేవి కావు" అని ఆయన మర్యాదగానే చెప్పాడు. "గాలితో పోయేటప్పుడు కెరటం వెనక నుంచి ఎత్తి కిందికి తోస్తుంది. ముక్కు లేచి ఉంటే ముందు కెరటం ఎక్కుతుంది. ముక్కు తిన్నగా ఉంటే దాంట్లోకి గుచ్చుకుంటుంది. పొడుగుది నిలకడ నీళ్ళలో ఊగుతుంది, నిజమే, కదలడం మొదలుపెట్టాకే కుదురుకుంటుంది. మేడమ్‌కి అది తెలుసు."

విన్నాను. చెవిటివాణ్ణి కాదు. ప్రతి మాటా అర్థమైంది. అయినా నడుంలోతు నీళ్ళలో దిగి పొడుగుదాని మీద మోకాళ్ళు పెట్టానో లేదో, పక్కకు తిరిగి నన్ను బురదలో పడేసింది. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ పడేసింది. గట్టు మీద గేదెలు కాసుకొనే ముసలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మూడోసారి తల మునిగింది. ముక్కులోకి నీళ్ళు పోయి, ఒక్క క్షణం పైనేదో కిందేదో తెలియలేదు. చెరువులోనే నా గతి ఇదైతే సముద్రంలో మా ఆవిడ గతేమిటి అనిపించింది. అంతే, నా బుర్ర అక్కడ ఆగిపోయింది. వెడల్పుదాని మీద ఎక్కితే మంచం మీద కూర్చున్నట్టుంది. లేచి నిలబడ్డాను కూడా. నేను, ఈత రానివాణ్ణి!

"ఒరే, ఇదే తీసుకో. కదల్లేదు సూడు" అన్నాడు మా నాన్న గట్టు మీంచి.

అదే తీసుకున్నాను. జీపాయన ఇంకోసారి చెప్పబోయి, నా మొహం చూసి పొడుగుదాన్ని మళ్ళీ జీపు మీద కట్టుకున్నాడు. సాయంత్రం మా ఆవిడ వచ్చి బల్లను చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"పొడుగుది ఏటయింది?"

"ఆయన వచ్చేసరికే అమ్ముడైపోయిందట."

ఎంత తేలిగ్గా వచ్చేసిందో ఆ అబద్ధం! పెళ్ళాం ప్రాణం కాపాడుతున్నానని లోలోపల పొంగిపోయాను కూడా. అంతకంటే వెధవతనం ఉంటుందా? తను కాసేపు బల్ల చుట్టూ తిరిగి, "సరే, దీంతోనే నేర్సుకుంతాను" అంది. పసుపు రాసి బొట్టు పెట్టింది, వాళ్ళ వాళ్ళు కొత్త తెప్పకు పెట్టినట్టు. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున్నే ఆటో ట్రాలీలో బల్ల వేయించుకొని సముద్రానికి పోయేది. గాలి లేని పొద్దుల్లో బల్ల బాగానే నడిచింది. ఆ వార్త విన్నప్పుడల్లా నేను అన్నం ఇంకో ముద్ద ఎక్కువ తినేవాణ్ణి.

ఆషాఢంలో ఒక శనివారం గాలి పట్టింది. మావ ఫోన్ చేసి, "ఇదే గాలి అమ్మీ, మధ్యాన్నానికి తిన్నగా పడతాది" అన్నాడు. పదకొండింటికల్లా మొగదలపాడు ఒడ్డున ఉన్నాం. ట్రాలీ ఆయన్ను రోడ్డు మీద మా వెంటే రమ్మన్నాం. తను లైఫ్ జాకెట్ వేసుకొని, బల్లకున్న తాడు చీలమండకు కట్టుకొని, ఒడ్డు కెరటాలు దాటుకొని లోపలికి పోయింది. అక్కడ లేచి నిలబడింది. ఆకుపచ్చ జాకెట్, చేతిలో తెడ్డు.

మొదటి కెరటం వచ్చి బల్లను వెనక నుంచి ఎత్తింది. బల్ల జారింది. ఎంత వేగం! ఆహా అనుకొనేలోగా దాని ముక్కు ముందున్న నీళ్ళలోకి దిగబడిపోయింది, తోక గాల్లోకి లేచింది, మా ఆవిడ ఎగిరి ముందుకు పడింది. జీపాయన చెప్పినట్టే, అక్షరం పొల్లుపోకుండా.

పైకి తేలింది. బల్ల ఎక్కింది. నిలబడింది. మళ్ళీ కెరటం, మళ్ళీ ముక్కు, మళ్ళీ నీళ్ళలో. నేను స్కూటర్ మీద ఒడ్డు వెంట సాగాను. సరుగుడు తోటలు అడ్డొచ్చిన చోట కనిపించదు. తోట దాటాక బండి ఆపి ఇసకలోకి పరిగెత్తి వెతికేవాణ్ణి. ఒక్కోసారి ఖాళీ బల్ల మాత్రం కనబడేది. ఆకుపచ్చ రంగు కనిపించేదాకా అక్కడే అటూ ఇటూ పరిగెత్తేవాణ్ణి. "వచ్చెయ్! ఒడ్డుకు వచ్చెయ్!" అని గొంతు చించుకున్నాను. గాలి నా మాటల్ని నా మొహానే కొట్టింది. ఎవర్ని పిలవను? పిలిస్తే ఏం చెప్పను? నడుంలోతు దిగితే నన్ను తీయడానికి ఇంకొకడు కావాలి. పడినప్పుడల్లా తను లేస్తూనే ఉంది, లేచినప్పుడల్లా నేను కొన్న బల్ల పడేస్తూనే ఉంది. కొంతసేపటికి లేవడం మానేసి మోకాళ్ళ మీదే తెడ్డు వేసింది. ఆ తర్వాత అదీ మానేసి బోర్లా పడుకుంది. కెరటాలే దాన్ని ఈడ్చుకొచ్చి, సగం దారిలో ఒక పేట దగ్గర ఇసక మీద వదిలాయి.

వెళ్ళేసరికి కూర్చొని కక్కుతోంది. అన్నీ ఉప్పునీళ్ళే. మోచేతులు గీరుకుపోయాయి, వేళ్ళు తెడ్డును వదలడం లేదు. వీపు నిమరబోతే చేయి తోసేసింది.

"నా వల్ల కానేదు" అంది. ఏడుపు. "మా అయ్య సెక్క దుంగల మీద వచ్చేవాడు. నాకే సేతకానేదు. ఇన్ని ఆదివారాలు నేర్సుకొని కూడా నేను పనికిరాలేదు."

అప్పుడు కూడా నోరు మూసుకోవచ్చు. మూసుకోలేకపోయాను.

"పొడుగుది అమ్ముడవలేదు. నేనే వద్దన్నాను. చెరువులో అది ఊగింది. ఇది కదల్లేదు."

తల ఎత్తి చూసింది. కొడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"నేనేటి మీ కాడెద్దుననుకున్నారా, మీ నాన్నా మీరూ గట్టు మీద నిలబడి ఎంచడానికి?" అంది. "మునిగిపోతానని బయవైతే నాకు సెప్పాలి. నాతో దెబ్బలాడాలి. అబద్దం ఆడతారా? ఆయనకి మరో ఏడు నేదు. ఎక్కణ్నుంచి తెస్తారు ఆ ఏడు?"

తను లేచి బల్ల ఒక చివర ఎత్తి, రెండో చివర వైపు గడ్డంతో చూపించింది. ఎత్తాను. ట్రాలీలో వేసుకొని కళింగపట్నం చేరాం.

మావ ఇసకలో గొంతుక్కూర్చొని ఉన్నాడు. తలకు కొత్త తువ్వాలు చుట్టుకున్నాడు. పొద్దుటినుంచీ అలాగే ఉన్నాడట, అన్నం కూడా అక్కడికే తెప్పించుకున్నాడట. ఎలా చెప్పాలో తెలియక మేమిద్దరం ఆయన వెనక్కి వచ్చి ఆగాం. నా అడుగుల చప్పుడు పోల్చుకున్నాడు.

"అల్లుడా? రా, ఇలా రా. అదిగో సూడు, వస్తన్నాది! పడకుండా నిలబడి వస్తన్నాది!"

వేలు చూపిన వైపు చూశాను. ఎవరిదో వలకు కట్టిన తేలుడు డబ్బా, దాని మీద పాతిన కర్రకు చిన్న గుడ్డజెండా. కెరటాలకు లేచి దిగుతోంది. మరేమీ లేదు.

నేను నోరు తెరవబోయాను. మా ఆవిడ తడి చెయ్యి నా నోటి మీద పడింది. తల అడ్డంగా ఊపింది. బల్ల పట్టమని సైగ చేసింది. ఎండు చేపలు తిరగేస్తున్న ఆడవాళ్ళు మమ్మల్ని చూశారు. ఒక్కరూ నోరు మెదపలేదు. పడవల వెనక నుంచి చుట్టూ తిరిగి, బల్ల మోసుకుంటూ నీళ్ళలోకి దిగాం. తను నడుందాకా పోయింది. నేనూ పోయాను. కెరటం నన్ను లాగింది గాని, ఆ రోజు భయపడే అర్హత నాకు లేదనిపించింది. అక్కడ వెనక్కి తిరిగి, బల్లను ఒడ్డుకు తోసుకుంటూ, "అయ్యా!" అని కేకేసింది.

ముసలాయన తడబడుతూ లేచి మోకాళ్ళ దాకా నీళ్ళలోకి వచ్చేశాడు. చేతులు చాచి వెతుక్కొని కూతురి తల పట్టుకున్నాడు. జుట్టు తడిమాడు, బుగ్గలు తడిమాడు. ఆయన మొహమంతా నవ్వే.

"మొత్తం సూసినానే అమ్మీ. మొదటికాణ్నుంచీ సూసినాను" అన్నాడు. తర్వాత బల్ల మీద అరచేత్తో చరిచి నా వైపు తిరిగాడు. "మంచి బల్ల తెచ్చినావు అల్లుడూ."

"అవునయ్యా" అంది మా ఆవిడ, నా కళ్ళలోకి చూస్తూ. "ఏరి ఏరి తెచ్చినారు."

నేను బల్ల చివర పట్టుకొని నీళ్ళలో అలాగే నిలబడ్డాను.