టెస్ట్ ప్లాన్‌ల లేని ఊరు

2006ల నేను బీదర్‌ల ఒక ప్రైవేటు దవాఖానల కంప్యూటర్ల పని చూసుకునేదాన్ని. మాది జహీరాబాద్. నాతోని చదువుకున్నోళ్ళంత హైదరాబాద్‌ల అద్దాల బిల్డింగులల్ల కూసొని, ఆర్నెల్లకో కంపెనీ మారుకుంట, "ఇంక బీదర్‌లనే ఉన్నవా?" అని ఎక్కిరించేటోళ్ళు. ఉన్న, ఏం జేస్త? మా ఆయన నౌకరీ ఇక్కడ. పైగా నాకు ఈ ఊరు నచ్చింది. ఆ ముచ్చట వాళ్ళకు చెప్పినా ఎక్కదు.

మా దవాఖాన సాఫ్ట్‌వేర్ హైదరాబాద్ కంపెనీ ఒకటి చేసిచ్చింది. పేషెంటు పేరు రాసుకునుడు, బిల్లు, ల్యాబ్ రిపోర్టు, అన్నీ దాంట్లనే. అందుల ఏదన్న మార్చాలంటే ముందు టెస్ట్ ప్లాన్ ఉండాలె. అదేం బ్రహ్మవిద్య కాదు. మార్పు పెట్టకముందు ఏమేం చేసి చూడాలె, ఏది కొడితే ఏం రావాలె, ఎవరు చూసి సరే అనాలె, గడబిడ అయితే పాత తీరుకు ఎట్ల మళ్ళాలె అని ముందుగాల్నే రాసిపెట్టుకునుడు. ఆ వెనక్కి మళ్ళుడును రోల్‌బ్యాక్ అంటరు.

ఆ సారి వచ్చిన మార్పు వినేటందుకు మస్తుగుండె. పాత పేషెంటు మళ్ళొస్తే పేరు, వయసు, ఊరు అన్నీ మళ్ళ అడుగుడెందుకు? ఫోన్ నంబరు కొడితే ఆ మనిషి వివరాలన్నీ తెర మీదికి రావాలె. అంతే.

"టెస్ట్ ప్లాన్ పంపు తమ్మీ, మా దిక్కు పేషెంట్లతోని ఒకసారి చేసి చూస్త" అని హైదరాబాద్‌ల మా పని చూసే కిరణ్‌ను అడిగిన.

"అవసరం లేదు మేడం. ఇక్కడ అన్నీ చూసినం. అన్నీ పాస్" అన్నడు.

నేను మళ్ళ అడిగిన. మా మేనేజర్ మధ్యల దూరి, "వాళ్ళకు తెల్వదా, నీకే తెలుసా?" అని నా నోరు మూయించిండు. ఆదివారం మధ్యాహ్నం కొత్తది ఎక్కించిండ్రు.

మంగళవారం పొద్దుగాల మత్తు డాక్టరమ్మ నన్ను థియేటర్ కాడికి పిలిచింది. బయట మంచం మీద నర్సమ్మ పండుకొని ఉన్నది. దుబల్గుండి మనిషి, ముప్పై దాటి ఉంటది. నెలలసంది రక్తం పోతాంటే గర్భసంచి ఆపరేషన్ రాసిండ్రు. సోమవారం రక్తం ఇచ్చి, సాయంత్రం రిపోర్టు తీసుకొని ఇంటికి పోయి, ఆపరేషన్‌కు మళ్ళ వచ్చింది. డాక్టరమ్మ ఆమె కింది కన్నురెప్పను జర కిందికి గుంజి నాకు చూపెట్టింది. లోపల ఎరుపు అన్నదే లేదు.

"రిపోర్టుల హిమోగ్లోబిన్ పన్నెండు అంటుంది. పన్నెండున్న మనిషి కండ్లు ఇట్ల ఉంటయా? నేను ఈమెకు మత్తు ఇయ్య."

నర్సమ్మ మొగుడు మల్లయ్య దండం పెట్టిండు. "రిపోర్టు మంచిగున్నదని మీరే చెప్తిరి గదమ్మా. రాత్రిసంది మంచినీళ్ళు గూడ ముట్టలే అది. ఇయ్యాల కానియ్యుండ్రి."

ల్యాబ్‌కు ఉరికిన. మెషీన్ల ఆరు వచ్చింది, మేము ఆరే కొట్టినం అని వాళ్ళు చీటీ చూపెట్టిండ్రు. నేను రిపోర్టు మళ్ళ తీస్తే పన్నెండు. ల్యాబోళ్ళు నా ముంగట్నే మళ్ళ ఆరు కొట్టిండ్రు. తీస్తే ఆరు వచ్చింది. హమ్మయ్య, చెయ్యి జారి ఉంటది అనుకున్న. డాక్టరమ్మ ఫైలుకు ఇంకో కాపీ కావాలంటే జరసేపటికి మళ్ళ తీసిన. ఈసారి తొమ్మిది!

అరే, ఇదేం లొల్లిరా నాయనా! మనిషి అదే, రక్తం అదే, కాగితం మీద పేరు అదే. అంకె మాత్రం తీసినప్పుడల్లా మారుతుంది. నాకు తలకాయ పని చెయ్యలే. కిరణ్‌కు ఫోన్ కొట్టిన.

"టెస్ట్ ప్లాన్‌ల అన్నీ పాస్ అయినయి మేడం."

"నేను అడిగేది నర్సమ్మ గురించి తమ్మీ."

"నర్సమ్మ అనే టెస్ట్ కేసు లేదు మేడం."

నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. "ఆ ప్లాన్ రాసినాయనకు ఫోన్ ఇయ్యి" అన్న. ఆయన పోయిన నెలనే ఎక్కువ జీతానికి వేరే కంపెనీకి పోయిండట. ఆయన కుర్చీల కూసున్నాయనకు ఇది దేనికోసం రాసిండ్రో తెల్వదట. ఆఖరికి ప్లాన్ పంపిండ్రు. అందుల రాసినట్టే మా కంప్యూటర్ల ఒక్కొక్కటి చేసుకుంట పోయిన. పాస్. ఇది గూడ పాస్. అది గూడ పాస్. అటు చూస్తే అన్నీ సరిగ్గనే ఉన్నయి, ఇటు చూస్తే మంచం మీద మనిషి తెల్లగ పాలిపోయి ఉన్నది. నాకే పిచ్చి లేసిందా అని నిజంగ అనుమానం వచ్చింది.

ఏం తోచక నర్సమ్మ పాత మందులు, పరీక్షలు తెరిచి చూసిన. రెండేండ్ల పోరనికి ఇచ్చే దగ్గు మందు ఉన్నది. కింద ప్రోస్టేట్ పరీక్ష ఉన్నది. అది మొగోళ్ళకు, అందుల ముసలోళ్ళకు చేసేది.

"నర్సమ్మకు ప్రోస్టేటా?" అని డాక్టరమ్మ పక్కున నవ్వింది. అంతలనే ఆమె మొఖం మారిపోయింది. నాది గూడ.

ఆ పేజీ మీద ఒక ఫోన్ నంబరు ఉన్నది. దానికి చేసిన.

"హా, చెప్పుండ్రి. విఠల్ సేట్."

"నర్సమ్మ ఉన్నదా?"

"దవాఖానకు పోయింది గద. ఏమన్న చెప్పాల్నా?"

"సిద్రామప్ప?" ఆ ప్రోస్టేట్ పరీక్ష కాడ ఉన్న పేరు అది.

"ముసలాయననా? చేను కాడికి పోయిండు. పిలిపియ్యాల్నా?"

"ఈ నంబరు ఎవరిది సేట్?"

"నాదేనమ్మా, మా కిరాణా దుకాణంది. ఊర్లె ఎవరిని నంబరు అడిగినా ఇదే ఇస్తరు. పీపీ నంబరు. మీ దిక్కు లేదా?"

లేకేం? మా ఇంట్ల ఫోన్ వచ్చేదాక మాది గూడ పక్కింటోళ్ళ నంబరే. ఫోన్ లేనోళ్ళు ఉన్నోళ్ళ నంబరు ఇచ్చుడే పీపీ నంబరు అంటే. వాళ్ళు పిలిస్తే మనం ఉరుకాలె. హైదరాబాద్‌ల అప్పటికే మనిషికో సెల్లు. వాళ్ళ ప్లాన్‌ల ఉత్తుత్తి పేషెంట్లకు గూడ మనిషికో నంబరు. మా దిక్కు ఊరికో నంబరు. కొత్త సాఫ్ట్‌వేర్ ఒక నంబరంటే ఒక మనిషి అనుకొని దుబల్గుండిని మొత్తం ఒక్క పేషెంటును చేసి పారేసింది. ఆ ఊరోళ్ళల్ల ఎవరి రిపోర్టు తీసినా, ఆఖరుకు ఎవరి రక్తం అంకె కొట్టిండ్రో అదే వస్తుంది. సోమవారం నర్సమ్మ తర్వాత సిద్రామప్ప రక్తం చూసిండ్రు. ఆ పన్నెండు ఆయనది. తొమ్మిది, ఆ పొద్దుగాల అదే ఊరికెళ్ళి వచ్చిన ఇంకెవరిదో.

"వెంటనే పాతది పెట్టు" అని కిరణ్‌కు చెప్పిన.

"రోల్‌బ్యాక్ చేస్తే ఆదివారంసంది ఎక్కించినవి పోతయేమో మేడం. అది టెస్ట్ చెయ్యలే."

రాసుడైతే రాసిండ్రు, చేసి చూడలే! నాకు ఒళ్ళు మండింది. మేనేజర్ వద్దు వద్దంటనే ఉన్నడు, నేను రిపోర్టులు తీసుడే బంద్ పెట్టిచ్చిన. మెషీన్ చీటీ చూసి చేతితోని రాసిచ్చినం. అప్పటికే కాగితాలు పట్టుకొని ఇండ్లకు పోయినోళ్ళను మళ్ళ పిలిపియ్యాలె. హుల్సూర్ దిక్కు ఒక దుకాణం, ధన్నూరల ఒక పిండి గిర్ని, ఎక్కడికక్కడ ఫోన్లు చేసినం. విఠల్ సేట్ దుకాణం వదిలిపెట్టి ఇల్లిల్లు తిరిగి చెప్పిండు.

నర్సమ్మకు ఆ దినం ఆపరేషన్ చెయ్యలే. రక్తం ఎక్కించి, జర తేరుకున్నంక చేసిండ్రు. "ఆ కాగితం నమ్మి మత్తు ఇచ్చి ఉంటే ఈమె బల్ల మీదికెళ్ళి లేవకపోయేది" అన్నది డాక్టరమ్మ.

తర్వాత హైదరాబాద్‌కెళ్ళి ఆ కంపెనీ పెద్దాయన ఒకాయన వచ్చిండు. టెస్ట్ ప్లాన్‌ల రాసినవన్నీ చేసినం, ఒక్కటి విడిచిపెట్టలే అన్నడు. అది నిజమే. అబద్ధం ఎవ్వరూ ఆడలే. మరి తప్పు ఎవరిది? నాకు ఇప్పటికీ సరిగ్గ తెల్వదు.

ఇంటికి పంపే దినం నర్సమ్మను అడిగిన, "ఆ సోమవారం నీకు ఎట్లుండె?" అని.

"కండ్లకు చీకట్లు వస్తుండె అమ్మా. మా అత్త కాగితం చదివిపిచ్చుకున్నది. మంచిగనే ఉన్నదట, ఇంక పండుడెందుకు అన్నది. లేచి బోరింగు కాడికి పోయి నీళ్ళు తెచ్చిన. కాళ్ళు ఒణుకుతున్నయి. అయినా దవాఖానోళ్ళు రాసిండ్రు గద. నేనే దొంగ ఏషాలు ఏస్తున్ననేమో అనుకున్న."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముంగట్నే ఏడ్చిన. ఆమె ఒళ్ళు నిజం చెప్తుండె. మేము ఇచ్చిన కాగితం చూసి ఆమె తన ఒంటినే అబద్ధం అనుకున్నది.

ఆ తర్వాత ఏ మార్పు వచ్చినా మా ఊర్ల పేషెంట్లతోని చేసి చూడంది, వెనక్కి మళ్ళుడు గూడ ఒకసారి చేసి చూడంది నేను సంతకం పెట్టలే. "అన్నీ పాస్ మేడం" అని ఎవరన్న అంటే, "ఎవరి మీద చూసిండ్రు?" అని అడుగుత.