చాచిన చెయ్యి

అతన్ని నేనింకా క్షమించలేదు.

కొరాపుట్ ఆసుపత్రి మానసిక వార్డులో అటెండెంటు అతను. రోగి ఎంత రెచ్చిపోయినా కట్టేసేవాడు కాదు. పక్కన కూర్చుని చెయ్యి చాచేవాడు. అక్కడ చేర్చిన మా తమ్ముడితో, "సిన్నబాబూ, ఇదిగో, మీరే అట్టుకోండి. మీరు ఒగ్గేసినప్పుడే నానెల్తాను" అనేవాడు. తమ్ముడు ఒకసారి ఆ చేతిని గంటసేపు నలిపేశాడు. అతను కదల్లేదు.

అతని తాత మా దివాణంలో బంట్రోతు. ఆ చనువుతోనే, ఇంట్లో తమ్ముణ్ణి పాత కచేరీ గదిలో పెట్టి తాళం వేసేవాళ్ళమని అతనికొక్కడికే చెప్పాను.

"ఇకమీదట ఎయ్యకండి బాబుగారూ" అన్నాడు. మాటిచ్చి తమ్ముణ్ణి రాయగడలో మా ఇంటికి తెచ్చుకున్నాను.

నాన్నగారి తద్దినానికి బంధువులొచ్చిన రోజు మళ్ళీ తాళం వేశాను. అదే రోజు తమ్ముణ్ణి చూడటానికి అతను వచ్చాడు. భోజనాల మధ్య, అందరూ వింటుండగా అడిగాడు.

"సిన్నబాబు ఏరీ? మాటిచ్చేరు గదా బాబుగారూ?"

"ఆస్పత్రి బంట్రోతుకి ఇంత నోరేటి?" అంది మేనత్త.

నమ్మి చెప్పిన గుట్టు నలుగురిలో పెట్టాడు. తాళంచెవి అతని ముందుకు విసిరేశాను.

అతను తలుపు తెరిచాడు గాని లోపలికి వెళ్ళలేదు. గడప బయట కూర్చుని చెయ్యి చాచాడు. తమ్ముడు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు. నేనూ నా చెయ్యి చాచాను.

తమ్ముడు రెండో చేతిని వీపు వెనక దాచుకున్నాడు.