పిడి మీది గుంట

ఇంటి తలుపులకు వార్నిష్ వేస్తున్నరు. ఆ వాసనకు నాకు ఇప్పటికీ ఒక గాలం కర్ర యాదికొస్తది.

నా చిన్నప్పుడు జహీరాబాద్‌ల నాయిన తమ్ముడు, మా కాక, చెరువుల మునిగి పోయిండు. ఆయన బొంబాయికెల్లి తెచ్చుకున్న ఫైబర్ గాలం కర్రను ఆయన పోయిన ఏడాదికి నాయిన అటక మీదికెల్లి దించి, పాత వార్నిష్ గీకి, కొత్తది పూసిండు. బెండు పిడిని మాత్రం ముట్టలే. దాని మీద నల్లటి మరక, చిన్న గుంట ఉండె. మరిచిండనుకొని, ఆయన లేనప్పుడు గరుకు కాయిదంతో రుద్ది సాపు చేసిన.

“సూడు నాయినా, కొత్తగయింది!”

ఆయన తిట్టలే. బొటనవేలితో ఆ గుంట కోసం శానసేపు దేవులాడిండు. “మీ కాక వేలు ఈడనే ఉండె, బిడ్డా.”

తర్వాత రోజూ ఆ కర్ర పట్టుకొని కూసునెటోడు. చేపలకైతే ఒక్కనాడు పోలే. ఇప్పుడది నా దగ్గరుంది. పిడి మీద, అదే జాగల, మల్ల గుంట పడ్డది.